కరెంటు కారు టైరులో గాలి ఎంత ఉండాలి?



పాల సంఘాల పత్రికలో టైరు గాలి గురించి వ్యాసం ఏమిటని కొందరు అనుకోవచ్చు. దాణా గురించో, గాలికుంటు టీకాల గురించో, వెన్న శాతం గురించో రాయవలసిన చోట ఈ కారు గొడవ ఎందుకని అడగవచ్చు. ఒకప్పుడు కార్యదర్శి గారికి ఒక సైకిలు ఉంటే సంఘానికి అదే గొప్ప. ఇప్పుడు కొన్ని సంఘాల వాకిట్లో కరెంటు ఆటోలు, కరెంటు కార్లు నిలబడుతున్నాయి. వాటి ఖర్చు సభ్యుల పాల డబ్బులోంచే వెళుతుంది. ఆ ఖర్చు సరిగా ఉందో లేదో చూడడం మా ఉద్యోగ ధర్మం. ఆ ధర్మం నిర్వర్తించబోయి మేము ఒక పొరపాటు చేయబోయాము. అదేమిటో చెప్పి, తరువాత విషయానికి వస్తాము.

మా తనిఖీ పరిధిలో నాలుగు సంఘాలు కలిసి ఒక కరెంటు కారు కొనుక్కున్నాయి. ఎదకు వచ్చిన గేదెకు వేళ దాటకుండా సూది వేయించడానికి, వైద్యం చేసే డాక్టరు గారిని ఊరూరా తిప్పడానికి అది ఉపయోగపడుతున్నది. లెక్కలు ఒక సంఘం కార్యదర్శి గారు రాస్తారు. తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక బిల్లు మా కంట పడింది. కారు 19 వేల కిలోమీటర్లు తిరిగేసరికే ముందు టైర్లు రెండూ మార్చినట్లు, అందుకు 14 వేల రూపాయలు అయినట్లు ఉంది. మామూలు కార్ల టైర్లు 40 వేల కిలోమీటర్ల దాకా రావడం మేము చూసినదే. వెంటనే తనిఖీ నోటులో, "ఈ ఖర్చు సమంజసంగా లేదు. కార్యదర్శి సంజాయిషీ ఇవ్వవలెను. లేనిచో ఈ మొత్తం ఆయన వద్ద నుంచి రాబట్టవలెను" అని రాశాము.

ఆ మొత్తం చిన్నదేమీ కాదు. పాలు లీటరుకు 45 రూపాయల చొప్పున వేసుకున్నా 311 లీటర్ల ఖరీదు. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చే గేదె 39 రోజులు రెండు పూటలా ఇచ్చిన పాలు. అందుకే గట్టిగా రాశాము. కార్యదర్శి గారికి మాత్రం అది డబ్బు మాట కంటే పరువు మాట అయింది.

"సార్, నేను ఒక్క పైసా తినలేదండి. పాత టైర్లు అమ్ముకోనూ లేదు. దాణా గోదాములో పెట్టించాను. మీరే వచ్చి చూడండి" అన్నారాయన.

వెళ్ళి చూశాము. తవుడు బస్తాల వెనుక రెండు టైర్లు ఉన్నాయి. రెండింటికీ నడుమ గాడులు ఇంకా బాగానే ఉన్నాయి. రెండు అంచులు మాత్రం నున్నగా అరిగిపోయాయి. డ్రైవరును పిలిచి గాలి ఎంత కొట్టిస్తున్నావని అడిగాము. "28 పాయింట్లు సార్. షాపు అబ్బాయి చిన్న కార్లన్నింటికీ అంతే కొడతాడు" అన్నాడు. డ్రైవరు వైపు డోరు తెరిచి చూశాము. అక్కడ అంటించిన చీటీ మీద 36 అని ఉంది.

మా అభ్యంతరం ఏమైందో చివర చెబుతాము. ఎనిమిది పాయింట్ల తేడా రెండు టైర్లను ఎలా తినేసిందో ముందు తెలుసుకుందాము.

బరువు మోసేది గాలి

గాలి టైరుకూ పశువైద్యానికీ ఒక పాత బంధుత్వం ఉంది. 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఆయన గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. కాని అది వాడుకలోకి రాలేదు. తరువాత 1887లో బెల్‌ఫాస్టులో పశువైద్యం చేస్తున్న జాన్ బాయ్‌డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు రబ్బరు గొట్టంలో గాలి నింపి తొడిగాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. ఈనాటి టైర్ల పరిశ్రమకు దారి వేసినవాడు పశువుల డాక్టరే అన్నమాట.

ఆయన పట్టుకున్న సూత్రం ఇది: బండి బరువు మోసేది ప్రధానంగా లోపలి గాలి. రబ్బరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి వంటిది. గాలి తక్కువైతే టైరు అణిగి ఎక్కువ మేర నేలను తాకుతుంది. ఎక్కువైతే ఉబ్బి తక్కువ మేర తాకుతుంది.

చిన్న లెక్క వేద్దాము. మనుషులతో సహా కారు బరువు 1,600 కిలోలు అనుకుందాము. ఒక్కో చక్రం మీద 400 కిలోలు. షాపువారు పాయింటు అనేది చదరపు అంగుళానికి ఒక పౌను ఒత్తిడి. 36 పాయింట్లంటే చదరపు సెంటీమీటరుకు సుమారు రెండున్నర కిలోలు. ఆ లెక్కన ఒక్కో టైరు నేలను తాకే చోటు సుమారు 160 చదరపు సెంటీమీటర్లు. పోస్టుకార్డు 126 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే పోస్టుకార్డు కంటే కాస్త పెద్ద చోటు మీద కారు ఆధారపడి పరుగెత్తుతున్నది. గాలి 28కి దిగితే ఆ చోటు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. పెరిగిన చోటంతా టైరు అణిగినందువల్ల వచ్చినది కనుక, బరువు నడుమ నుంచి అంచుల మీదకు జరుగుతుంది. గోదాములోని టైర్ల అంచులు అరిగిన కారణం ఇదే.

కరెంటు కారుకు ప్రత్యేకత ఏమిటి?

గాలి సూత్రం అన్ని బండ్లకూ ఒకటే. కరెంటు కారులో మాత్రం పొరపాటుకు శిక్ష ఎక్కువ. అందుకు మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది బరువు. బ్యాటరీ వల్ల కరెంటు కారు అదే పరిమాణం గల పెట్రోలు కారు కంటే రెండు మూడు క్వింటాళ్ళు, పెద్ద కార్లలో అంతకంటె ఎక్కువ బరువు తూగుతుంది. పైకి చూస్తే రెండు కార్లూ ఒకే మాదిరిగా కనబడతాయి. షాపు అబ్బాయి కళ్ళకు అది చిన్న కారే. టైరు కింద మాత్రం అది ఎప్పుడూ నలుగురు మనుషులను ఎక్కించుకున్న బండి.

రెండవది లాగుడు. పెట్రోలు ఇంజను వేగం అందుకున్న తరువాతే పూర్తి బలం చూపుతుంది. కరెంటు మోటారు కదిలిన క్షణం నుంచే పూర్తి బలంతో లాగుతుంది. కాలు కొంచెం గట్టిగా నొక్కితే చాలు, టైరు రోడ్డును రాచుకుంటుంది.

మూడవది ఆపుడు. కాలు ఎత్తగానే మోటారు డైనమోలాగా మారి, బండి వేగాన్ని తగ్గిస్తూ బ్యాటరీకి కరెంటు పంపుతుంది. ఇది మంచి ఏర్పాటే. అయితే మోటారు ముందు చక్రాలకు ఉన్న కారులో లాగే పనీ, ఈ ఆపే పనీ రెండూ ముందు టైర్ల మీదే పడతాయి. సంఘం కారుకు ముందు టైర్లే ముందుగా పోవడానికి ఇది కూడా ఒక కారణం.

అందుచేత కరెంటు కారు టైరు గాలి సరిగా ఉన్నా పెట్రోలు కారు టైరు కంటే కొంత త్వరగా అరగడం సహజం. ఈ సంగతి మేము కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాము. కనుక టైరు మార్చిన బిల్లు చూసిన వెంటనే అనుమానించడం తగదు. అరిగిన తీరు చూసి మాట్లాడాలి.

సరైన అంకె ఎక్కడ దొరుకుతుంది?

గాలి అంకె విషయంలో మూడు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి.

కొందరు షాపువారి అలవాటును నమ్ముతారు. కార్లన్నింటికీ 28 లేక 30 కొట్టే అలవాటు తేలిక కార్ల కాలంలో పుట్టినది. మరికొందరు టైరు పక్కగోడ మీద అచ్చుపోసిన అంకెను చూసి అంత కొట్టిస్తారు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ హద్దు. ఆ టైరు ఏ కారుకు తొడుగుతారో టైరు చేసినవారికి తెలియదు. బస్తా మీద 50 కిలోలు పడుతుందని రాసి ఉన్నంత మాత్రాన గేదెకు పూటకు 50 కిలోల దాణా పెట్టము కదా! ఇంకొందరు పక్కింటివారి కారు అంకెను తమ కారుకు వాడతారు. ఒకే పేరుగల కారులో పెట్రోలు రకానికి ఒక అంకె, కరెంటు రకానికి వేరొక అంకె ఉండవచ్చు.

సరైన అంకె కారు తయారుచేసినవారు ఇచ్చినదే. అది డ్రైవరు వైపు డోరు తెరిస్తే కనబడే చట్రం మీద చీటీగా అంటించి ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలోనూ ఉంటుంది. ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు అంకెలు వేరుగా ఉండవచ్చు. కొన్ని చీటీల మీద ఇద్దరు మనుషులకు ఒక వరుస, నిండు బరువుకు ఒక వరుస ఉంటాయి. అయిదుగురు ఎక్కి, వెనుక డిక్కీ నింపుకొని దూరప్రయాణం వెళ్ళేటప్పుడు నిండు బరువు వరుస పాటించాలి.

కొన్ని చీటీల మీద పాయింట్లకు బదులు కిలోపాస్కళ్ళు, లేదా బార్లు ఉంటాయి. ఒక బారు 100 కిలోపాస్కళ్ళు, అంటే పద్నాలుగున్నర పాయింట్లు. 250 కిలోపాస్కళ్ళన్నా, రెండున్నర బార్లన్నా 36 పాయింట్లే అని గుర్తుంచుకుంటే చాలును.

కొత్త టైరు కొనేటప్పుడు గమనించవలసినది మరొకటి ఉంది. టైరు పక్కన కొలతల తరువాత 91, 95 వంటి అంకె ఉంటుంది. అది ఆ టైరు మోయగల బరువుకు గుర్తు. 91 అంటే 615 కిలోలు, 95 అంటే 690 కిలోలు. బరువు కార్లకు ఎక్స్‌ఎల్ అనే గుర్తుగల గట్టి టైర్లు ఇస్తారు. యూరపు ప్రమాణాల ప్రకారం మామూలు టైరు తన పూర్తి బరువు మోయడానికి 250 కిలోపాస్కళ్ళు, ఎక్స్‌ఎల్ టైరుకు 290 కిలోపాస్కళ్ళు ఆధారంగా తీసుకుంటారు. అంటే గట్టి టైరు తొడిగించి గాలి తక్కువ కొట్టిస్తే, ఆ గట్టితనం మనకు అక్కరకు రాదు. ధర తక్కువని చెప్పి షాపులో తక్కువ అంకె టైరు ఇస్తే తీసుకోరాదు. పాత టైరు మీద ఉన్న అంకె గాని, అంతకంటె ఎక్కువ గాని ఉండాలి.

ఎప్పుడు కొలవాలి?

ఈ విషయం మన సభ్యులకు చెప్పడం చాలా తేలిక. లాక్టోమీటరు సంగతి అందరికీ తెలిసినదే. 27 డిగ్రీలకు గుర్తులు పెట్టిన లాక్టోమీటరును పొదుగు వేడి ఆరని పాలలో వేస్తే లోతుగా మునిగి రీడింగు తక్కువ చూపుతుంది. మంచి పాలు పోసిన రైతు నీళ్ళు కలిపాడన్న నింద మోయవలసి వస్తుంది. అందుకే వేడిని బట్టి సవరణ చేస్తాము. టైరు గేజి కూడా అటువంటిదే. తేడా ఏమంటే, వేడి టైరు రీడింగు ఎక్కువ చూపుతుంది.

చీటీ మీద అంకె చల్లని టైరుకు ఇచ్చినది. చల్లని టైరు అంటే కనీసం మూడు గంటలు నిలిపి ఉంచిన బండి టైరు, లేదా షాపు దాకా ఒకటి ఒకటిన్నర కిలోమీటరుకు మించి తిరగని బండి టైరు. ఎండలో నిలిపిన బండికి ఎండ తగిలే వైపు టైర్లు కూడా వేడెక్కుతాయి. కనుక తెల్లవారి పాలు పోసే వేళ టైరు చూడడానికి అన్నింటికంటె మంచి సమయం.

హైవే మీద గంట సేపు పోయిన తరువాత కొలిస్తే 36 ఉన్న టైరు 40, 41 చూపవచ్చు. అది చూసి "ఎక్కువైంది, తీసెయ్యి" అనరాదు. వేడి మీద తీసేస్తే చల్లబడిన తరువాత అంత మేర తక్కువైపోతుంది. దారిలో తప్పనిసరిగా కొట్టించవలసి వస్తే కొద్దిగా కొట్టించి, మరునాటి ఉదయం మళ్ళీ చూసుకోవాలి.

రుతువులను బట్టి కూడా మార్పు వస్తుంది. బయటి వేడి ఆరు డిగ్రీలు తగ్గితే సుమారు ఒక పాయింటు తగ్గుతుంది. మే నెలలో తెల్లవారుజామున 30 డిగ్రీల వద్ద 36 కొట్టించి వదిలేశామనుకోండి. జనవరిలో 15 డిగ్రీల తెల్లవారుజామున చలి వల్లనే రెండున్నర పాయింట్లు తగ్గి ఉంటుంది. ఆదిలాబాద్, లంబసింగి వంటి చలి ప్రాంతాలలో ఇంకా తగ్గుతుంది. ఇది గాక ఏ టైరులోనైనా, ఏ పంక్చరూ లేకపోయినా, నెలకు ఒకటి రెండు పాయింట్ల గాలి రబ్బరులోంచి మెల్లగా బయటకు పోతూనే ఉంటుంది. ఆరు నెలలు చూడని టైరు ఏ స్థితిలో ఉంటుందో సభ్యులే లెక్క వేసుకోవచ్చు.

తక్కువైతే ఏమి, ఎక్కువైతే ఏమి?

గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ అణుగుతూ లేస్తూ ఉంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే వేడెక్కి తెగుతుంది. టైరు పక్కగోడకూ అదే గతి. రెంటచింతల వంటి చోట మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు సెగకు ఈ లోపలి వేడి తోడైతే, నిండు బరువుతో వేగంగా పోతున్న బండి టైరు పేలిపోయే ప్రమాదం ఉంది. వేసవిలో టైర్లు పేలేది గాలి ఎక్కువై అని చాలామంది అనుకొని గాలి తగ్గిస్తారు. తగ్గించడం వల్ల టైరు ఇంకా అణిగి, ఇంకా వేడెక్కుతుంది. వేసవిలో గాలి తగ్గించడం రక్షణ కాదు, ప్రమాదాన్ని పిలవడం.

ఇక రెండవ వైపు. గాలి ఎక్కువ కొట్టిస్తే ఒక చార్జింగుకు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ వస్తాయని కొందరు చీటీ అంకె కంటే ఎనిమిది పది పాయింట్లు ఎక్కువ కొట్టిస్తున్నారు. అప్పుడు టైరు నడుమ మాత్రమే నేలను తాకి అక్కడే అరుగుతుంది. వానలో బ్రేకు వేస్తే పట్టు తగ్గుతుంది. గోతిలో పడితే దెబ్బ టైరుకు, బండికి, లోపల కూర్చున్నవారి నడుముకు తగులుతుంది.

కరెంటు పొదుపు విషయంలో నిజం చెప్పుకుందాము. అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ వారి లెక్క ప్రకారం, నాలుగు టైర్లలోనూ ఒక పాయింటు తగ్గితే పెట్రోలు కారు మైలేజి సుమారు 0.2 శాతం తగ్గుతుంది. పెట్రోలు ఇంజనులో శక్తి ఎక్కువ భాగం వేడిగా పోతుంది. కరెంటు కారులో ఎక్కువ భాగం చక్రాలకే చేరుతుంది. కనుక టైరు ఈడ్పు వాటా కరెంటు కారులో పెద్దదిగా కనబడుతుంది. ఆ అంకెను రెట్టింపు వేసుకున్నా, ఎనిమిది పాయింట్లు తగ్గిన కారుకు 250 కిలోమీటర్ల చార్జింగులో తగ్గేది ఎనిమిది కిలోమీటర్లు. చార్జింగు అడుగంటిన రాత్రి ఆ ఎనిమిది కిలోమీటర్లకూ విలువ ఉంది. అయినా అసలు నష్టం కరెంటు బిల్లులో కనబడదు. టైరు బిల్లులో కనబడుతుంది. ఈ కారణం చేతనే సంఘం కరెంటు ఖర్చు చూసిన మాకు కూడా అనుమానం రాలేదు.

నత్రజని, హెచ్చరిక దీపం, స్టెప్నీ

నత్రజని గాలి కొట్టించవచ్చునా అని కొందరు అడుగుతున్నారు. వీర్యం గొట్టాలు భద్రపరిచే డబ్బాలోని ద్రవ నత్రజనిని మన సభ్యులందరూ చూసే ఉంటారు. అదే నత్రజని మనం పీల్చే గాలిలో 78 శాతం ఉంది. టైరులో శుద్ధమైన నత్రజని నింపితే తేమ ఉండదు, గాలి కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది. హాని లేదు. అయితే అదనపు డబ్బు ఇచ్చి నింపించి, ఇక చూడనక్కరలేదని వదిలేయడం పొరపాటు. నెలకొకసారి చూసే మామూలు గాలి, ఏడాదికొకసారి చూసే నత్రజని కంటే మేలు. డబ్బాలోని ద్రవ నత్రజనికీ, షాపులో కొట్టే నత్రజని గాలికీ పేరొక్కటే. ద్రవాన్ని టైరు దరిదాపులకు తేరాదు.

కొన్ని కార్లలో టైరు గాలి తగ్గితే ఎర్రగానో పసుపుగానో దీపం వెలుగుతుంది. మంచి ఏర్పాటే గాని దాని హద్దు తెలుసుకోవాలి. అమెరికా ప్రమాణం ప్రకారం, ఉండవలసిన గాలిలో 25 శాతం తగ్గినప్పుడు ఆ దీపం వెలగాలి. 36 ఉండవలసిన టైరులో 27కు దిగితే వెలుగుతుంది. సంఘం కారులో ఆ దీపం లేదు. ఆ హద్దుతో ఉన్నా, 28 దగ్గర వెలిగేది కాదు. దీపం వెలగలేదు కనుక గాలి సరిగా ఉందనుకోరాదు. అంకెలు చూపే కార్లయితే అంకెలే చూడాలి.

స్టెప్నీ సంగతి కూడా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2020లో మోటారు వాహనాల నిబంధనలు సవరించి, గాలి హెచ్చరిక ఏర్పాటు, పంక్చరు మందు కిట్టు ఉన్న ట్యూబు లేని టైర్ల కార్లకు స్టెప్నీ అక్కరలేదని చెప్పింది. కొన్ని కరెంటు కార్లు స్టెప్నీ లేకుండా వస్తున్నాయి. మీ కారులో ఏది ఉందో ఇంటి దగ్గరే చూసుకోండి. స్టెప్నీ ఉంటే దానికీ గాలి చూడాలి. నడిరాత్రి రోడ్డు మీద తీసిన స్టెప్నీలో గాలి లేకపోతే అది ఉన్నా లేనట్టే.

పాల ఆటోలకు కూడా

కరెంటు ఆటోలలో పాల క్యాన్లు తరలించే సంఘాలకు కూడా ఇవే మాటలు వర్తిస్తాయి. 40 లీటర్ల క్యానులో పాల బరువే 41 కిలోలు. పది క్యాన్లయితే 410 కిలోలు, క్యాన్ల బరువు వేరు. ఖాళీగా ఉన్నప్పుడు టైరు చక్కగా కనబడితే సరిపోదు. ఆ ఆటో చీటీ మీద నిండు బరువుకు ఇచ్చిన అంకె పాటించాలి. కారు అంకె ఆటోకు గాని, ఆటో అంకె కారుకు గాని పనికిరాదు.

సంఘాలు పాటించవలసిన పద్ధతి

1. కొలిచే గేజి ఒకటి సంఘం సొంతానికి కొనవలెను. కొన్ని వందల రూపాయలకు మంచిది దొరుకుతుంది. షాపు గేజికీ దీనికీ తేడా ఎంతో ఒకసారి చూసుకొనవలెను.

2. డోరు చీటీ మీద అంకెలను పెద్ద అక్షరాలతో రాసి, డ్రైవరు ఎదుట అంటించవలెను.

3. పదిహేను రోజులకొకసారి, బండి కదలక ముందు, ఉదయం వేళ నాలుగు టైర్లూ కొలవవలెను. స్టెప్నీ ఉంటే దానిని నెలకొకసారి చూడవలెను.

4. కొలిచిన అంకెలను తేదీతో సహా లాగ్‌బుక్కులో రాసి సంతకం చేయవలెను. ఒక్క టైరు మాత్రమే పదేపదే తగ్గుతుంటే మేకు గాని, వాల్వు లోపం గాని ఉన్నదని గ్రహించవలెను.

5. వాల్వు మూతలు తప్పక పెట్టవలెను. మూత లేని వాల్వులో మట్టి చేరి గాలి కారుతుంది.

6. నెలకొకసారి టైరును చేతితో తడిమి చూడవలెను. అంచులు అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ, ఒక పక్కే అరిగితే చక్రాల అలైన్‌మెంటు సరిగా లేదని అర్థం.

7. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చవలెను. గాడి అడుగున చిన్న గట్టు ఉంటుంది. రబ్బరు ఆ గట్టుతో సమానమైతే గడువు ముగిసినట్లే.

8. కారు పుస్తకంలో చెప్పిన దూరం పూర్తికాగానే ముందు టైర్లను వెనుకకు, వెనుక టైర్లను ముందుకు మార్పించవలెను.

చివరి మాట

దాణా గోదాములో టైర్లు చూసిన రోజునే మేము రాసిన అభ్యంతరాన్ని మా చేతితోనే ఉపసంహరించుకున్నాము. ఖర్చు నిజమైనదేనని, కారణం గాలి తక్కువ కావడమని నోటులో రాశాము. కార్యదర్శి గారి వద్ద నుంచి ఏమీ రాబట్టనక్కరలేదని నాలుగు సంఘాల యాజమాన్య కమిటీలకూ తెలియజేశాము. ఆయనను నొప్పించినందుకు విచారం కూడా చెప్పుకున్నాము.

తప్పు డ్రైవరు ఒక్కడిదే కాదు. అంతకు ముందు మూడుసార్లు తనిఖీకి వెళ్ళి ఆ కారు లాగ్‌బుక్కు చూశాము. కిలోమీటర్లు కూడాము, యూనిట్లు లెక్క వేశాము, సంతకాలు సరిచూశాము. వాకిట్లో నిలబడి ఉన్న కారు టైరు వైపు మాత్రం ఒక్కసారి కూడా వంగి చూడలేదు. చూసి ఉంటే అంచులు అరగడం మొదలైన నాడే తెలిసేది, ఆ 14 వేలలో చాలా భాగం మిగిలేది. ఇప్పుడు తనిఖీకి వెళ్ళిన ప్రతి చోటా ఒక గేజి మా సంచిలో ఉంటున్నది.

కొత్త టైర్లకు చీటీ ప్రకారం 36 పాయింట్లు కొట్టిస్తున్నారు. పదిహేను రోజులకొకసారి లాగ్‌బుక్కులో డ్రైవరు సంతకం ఉంటున్నది. ఇప్పటికి అవి 22 వేల కిలోమీటర్లు తిరిగాయి. అంచులూ నడుమా సమంగా అరుగుతున్నాయి. పాత టైర్లు 19 వేలకే పోయిన బండి ఇదే, రోడ్లు ఇవే, డ్రైవరు ఇతడే.

పాలు పోసేటప్పుడు కొలత పాత్రను నమ్ముతాము గాని చూపును నమ్మము. టైరు విషయంలోనూ అదే అలవాటు చేసుకోవలసిందిగా సభ్యులకు, కార్యదర్శులకు, డ్రైవరు సోదరులకు మా మనవి. ఈ పత్రిక చదివిన మరునాటి ఉదయం మీ బండి డోరు తెరిచి చీటీ మీద అంకె ఎంతో చూడండి. తరువాత టైరులో ఎంత ఉందో కొలవండి. రెండూ ఒకటే అయితే సంతోషం. కాకపోతే ఆ రోజే సరిచేయించండి.